కిటికీల ప్రభ

నా చిన్నప్పుడు నాకు రాని లెక్క లేదని మా బజారంతా అనుకునేది. అందులో బజారు తప్పేమీ లేదు, ఆ ప్రచారం చేసుకున్నది నేనే. నరసరావుపేట శివార్లలో మాది తాళ్ల కొట్టు. పశువుల పలుపులు, బండి పగ్గాలు, బావి చేదతాళ్లు, నా మణికట్టంత లావున్న కొబ్బరిపీచు మోకులు, వీటి మధ్యే పెరిగాను. కుడిపక్కన పప్పుల కొట్టు, ఎడమపక్కన గుడ్డల కొట్టు, ఎదురుగా ఇనప సామాన్ల కొట్టు. అందరు పిల్లలూ గోడలు పట్టుకుని నడక నేర్చుకుంటే నేను గల్లాపెట్టెలు పట్టుకుని నేర్చుకున్నాను. పదకొండో ఏడు వచ్చేసరికి మా నాన్న భోజనానికి వెళ్తే కొట్లో నేనే కూర్చునేదాన్ని. మూరెడు కొసరు అడిగినవాడికి జానెడు ఇచ్చి, బారెడు ఇచ్చినదానిలా మొహం పెట్టడం అప్పటికే నాకు వచ్చు.

మా నాన్న నాకు నేర్పిన లెక్క ఒక్కటే, త్రైరాశికం. మూడు తెలిస్తే నాలుగోది దానంతట అదే వస్తుంది. నాలుగు ఎడ్లకు ఎనిమిది బారల తాడు పడితే పది ఎడ్లకు ఎంత? ఇద్దరు కలిసి పూటకు ఇన్ని బారలు పేనితే ఐదుగురు ఎన్ని పేనుతారు? రెండింతలైతే రెండింతలు, సగమైతే సగం. బజారులో దానితో తేలని సంగతి నేను చూడలేదు. అందుచేత లోకంలోనూ తేలనిది ఉండదని తీర్మానించేశాను. వానా, ఎండా, చెట్టూ, చేమా కూడా మా కొట్టు పద్ధతి ప్రకారమే నడుస్తున్నాయని నా నమ్మకం. ఆ నమ్మకం ఒక శివరాత్రి నాడు మా బాబాయి నెత్తిమీద పడబోయింది. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

శివరాత్రికి కోటప్పకొండ తిరణాలకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు కదులుతాయి. వెదురు బొంగులతో మేడంత ఎత్తు చట్రం కట్టి, దానికి ముందూ వెనకా గుడ్డలు బిగించి, రంగు కాగితాలు అంటించి, బండి మీద నిలబెట్టి ఎడ్లతో కొండ దాకా లాక్కెళ్తారు. అంత ఎత్తుది ఒరిగిపోకుండా పైనుంచి మోకులు దించి, మనుషులు పట్టుకుని నడుస్తారు. మొక్కున్నవాళ్లూ ప్రభ కడతారు, పౌరుషం ఉన్నవాళ్లూ కడతారు. మా బజారు కొట్లవాళ్లకు రెండూ ఉన్నాయి. కట్టడమే రాదు.

అంతకుముందు ఏడు మా బజారు మొదటిసారిగా ఇరవై అడుగుల ప్రభ కట్టింది. ముందు రెండు చీరలు, వెనక రెండు చీరలు, నాలుగు మోకులు. దారిలో పొలాల ఊళ్ల వాళ్లు తమ ఆకాశమంత ప్రభల పక్కన మాదాన్ని చూసి, "కొట్లోళ్లు ప్రభ తెచ్చారా, పందిరి గుంజ తెచ్చారా?" అని ఒకటే నవ్వు. ఆ నవ్వు మా పప్పుల కొట్టు పెద్దయ్యకు ఏడాది పొడుగునా అరగలేదు. మా ప్రభకు ఆయనే పెద్ద. ఈసారి నలభై అడుగులు కట్టి తీరాలన్నాడు. మాకు ప్రభ కట్టిపెట్టిన ముసలాయన ఆ ఏడు పక్షవాతంతో మంచాన పడ్డాడు. అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఇరవై అడుగులది కట్టిన చోట నలభై అడుగులది కట్టలేమా అనుకున్నారు.

ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని బొంగులెన్ని, మేకులెన్ని అని అనుకుంటూ పెద్దయ్య నా వైపు తిరిగి, "ఏమే మనవరాలా, మోకులెన్ని కావాలో నువ్వు చెప్పు" అన్నాడు. ఆయన అడిగింది సరదాకి. నేను చెప్పింది సరదాకి కాదు. కనీసం వేళ్లు కూడా మడవకుండా, "నిరుడు ఇరవైకి నాలుగు. ఈ ఏడు నలభైకి ఎనిమిది" అన్నాను. అందరూ తలలూపారు. మా నాన్న మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఎనిమిది మోకులు మా కొట్టు నుంచే, మొక్కుబడి కింద. నేనే బారలు కొలిచి చుట్టలు చుట్టాను.

ఆ వారంలోనే మా అమ్మ చీరలు సేకరించే పని చూసింది. ఎత్తు రెండింతలైంది, దానికి తగ్గట్టు వెడల్పూ రెండింతలైంది. ముందు ఎనిమిది, వెనక ఎనిమిది, మొత్తం పదహారు చీరలు పట్టాయి. ఇల్లిల్లూ తిరిగి ఆ చీరలు మోసుకొచ్చింది నేను. మడతలు లెక్కపెట్టింది నేను. నిరుడు నాలుగు పట్టినచోట ఈ ఏడు ఎనిమిది పట్టాలి కదా, పదహారు ఎందుకు పట్టాయని ఒక్కసారి కూడా అడగని త్రైరాశికం పండితురాలినీ నేనే.

శివరాత్రి నాడు పొద్దున్నే ప్రభ బజారు నడుమ లేచి నిలబడింది. మెడ వెనక్కి వంచి చూస్తే తప్ప కొన కనపడదు. అప్పటికి ఆ దారిన కరెంటు తీగలు ఇంకా పడలేదు కాబట్టి ఆకాశమంతా మాదే. ప్రభ మొదలు దగ్గర, బండి మీద చిన్న పీట వేసి మా బాబాయిని కూర్చోబెట్టారు. అంతకుముందు చలికాలంలో అతనికి సన్నిపాత జ్వరం వచ్చి బతకడనుకున్నారు. బతికితే ప్రభ పాదాన కూర్చుని కొండ దాకా వస్తాడని, మధ్యలో దిగడని మా నాయనమ్మ మొక్కుకుంది. ఇరవై ఏళ్లవాడు, జ్వరానికి వెంట్రుకలన్నీ రాలిపోయి, మెడ పీక్కుపోయి ఉన్నాడు. అయినా నన్ను చూసి, "షావుకారూ, దుకాణం మూసేసి కొండకి రా" అని కన్నుకొట్టాడు. నన్ను ఎప్పుడూ షావుకారనే పిలిచేవాడు.

మధ్యాహ్నం బయల్దేరాల్సిన వేళకు గంట ముందు మా లెక్కల పంతులమ్మ కొట్టుకు వచ్చింది. ఆమె క్రైస్తవ బాలికల బడిలో పనిచేసేది. నేను చదివేదీ అక్కడే. తెల్ల చీర, నల్ల గొడుగు, తక్కువ మాట. బడి బావికి చేదతాడు కావాలంది. ఎనిమిది బారలు కొలిచాను. ఆమె ఆ తాడు చేత్తో పట్టుకుని, కొట్లోంచి ప్రభ కొన వైపు చాలాసేపు చూసింది. కొన కొంచెం కొంచెంగా ఊగుతోంది.

"మోకులెన్ని కట్టారమ్మా?" అని అడిగింది.

"ఎనిమిదండీ. లెక్క నాదే" అన్నాను.

ఆమె మెచ్చుకోలేదు. అరుగు మీద కూర్చుని, మా నాన్న బీడీల కోసం పెట్టుకున్న అగ్గిపెట్టెల కట్టలోంచి ఒక పెట్టె తీసి నా ముందు పెట్టింది. పందెం వేసుకుందామంది. ఈ పెట్టెకు అన్ని వైపులా రెండింతలుండే పెట్టెను, అంటే పొడవూ రెండింతలు, వెడల్పూ రెండింతలు, ఎత్తూ రెండింతలు ఉండేదాన్ని, ఇలాంటి చిన్నపెట్టెలతోనే పేర్చాలి. ఎన్ని కావాలో ముందే చెప్పాలి. నేను చెప్పింది నిజమైతే ఆమె ఇంకో తాడు కొంటుంది. కాకపోతే బారెడు కొసరు నేనివ్వాలి.

ఇంత తేలిక బేరం నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. "రెండు" అన్నాను.

పేర్చమంది. రెండు పెట్టెలు పక్కపక్కన పెడితే పొడవు సరిపోయింది, వెడల్పు చాలలేదు. ఇంకో రెండు తెచ్చాను. ఇప్పుడు ఎత్తు చాలలేదు. ఇంకో నాలుగు తెచ్చి పైన పెట్టాను. అన్ని వైపులా సరిపోయింది. లెక్కపెట్టాను. ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాను. ఎంత బేరమాడినా ఎనిమిది ఏడు కాలేదు.

అప్పుడామె ఆ పెద్ద పెట్టెను చేతుల మధ్య ఇటు తిప్పి, నా వైపున్న మొహం మీద వేలు పెట్టింది. "ఈ మొహాన ఎన్ని చిన్న మొహాలున్నాయి?" నాలుగు. "గాలి వస్తే దేన్ని తోస్తుంది? ఎత్తునా, మొహాన్నా?"

నా కళ్లు వాటంతట అవే కొట్టు బయటికి, పదహారు చీరల మీదికి పోయాయి. నిరుడు నాలుగు చీరల గాలిని నాలుగు మోకులు ఆపాయి. ఈ ఏడు పదహారు చీరల గాలిని ఎనిమిది ఆపాలి. వాటికింద పీట, పీట మీద మా బాబాయి.

ఆమె లేచి పెద్దయ్య దగ్గరికి వెళ్లింది. మొదట ఏమందో నాకు వినపడలేదు, ఆయన గొంతు మాత్రం వినపడింది. "ఇది బడి కాదు పంతులమ్మా, తిరణాల. కొండ మీద కోటయ్య సూసుకుంటాడు." ఆమె, "కోటయ్య చూస్తాడు సరే, మోకులు మనమే కట్టాలి కదండీ" అంది. నలుగురూ నవ్వారు. ఆమె తిరిగొచ్చి గొడుగు తీసుకుంటూ నాతో అంది: "నా మాట వాళ్లకి ఎక్కదు. ఎనిమిదన్నది నువ్వు. కాదనాల్సింది కూడా నువ్వేనమ్మా."

ఇక్కడ నా గుణం చెప్పుకోవాలి. మా బజారులో చెప్పిన మాట వెనక్కి తీసుకున్నవాడికి విలువ ఉండదు. ముందు ఒక కొలత చెప్పి తర్వాత తప్పన్నామంటే మర్నాడు ప్రతివాడూ మా తాడును మళ్లీ కొలిపిస్తాడు. మా నాన్న అంతమందిలో మీసం మీద వేసుకున్న చెయ్యి నాకు కనపడుతోంది. అందుకని నాతో నేనే బేరం మొదలుపెట్టాను. గాలి అసలు రాకపోవచ్చు. వచ్చినా చిన్నగా రావచ్చు. కాస్త దూరం పోయాక చెబుదాం, ఇంకా పోయాక చెబుదాం. ఈలోగా డప్పులు మోగాయి, మూడు జతల ఎడ్లు మెడలు వంచాయి, ప్రభ కదిలింది.

మా బజారు నుంచి పత్తి మిల్లు దాకా తిన్నని వీధి. నడుమ ఏడు సందులు. గాలి ఆ సందుల్లోంచి, అంటే పక్క నుంచి వస్తోంది. పక్కనుంచి చూస్తే ప్రభ సన్నం, కత్తి అంచులాంటిది, గాలి దాన్ని కోసుకుని పోతుంది. కానీ మిల్లు గోడ దాటగానే బాట అడ్డంగా తిరుగుతుంది. అక్కడి నుంచి ఇళ్లు లేవు, చెట్లు లేవు, కోతలైపోయిన నల్లరేగడి పొలాలే. అక్కడ గాలి ప్రభ మొహాన తగులుతుంది. నాకు ఇదంతా తెలుసు. తెలిసీ నడుస్తున్నాను.

మొదటి సందు దగ్గర ఏమీ కాలేదు. నేను మనసులో గెలిచాననుకున్నాను. రెండో సందు దగ్గర సుడిలా ఒక గాలి తిరిగి చీరలు ఒక్కసారి ఉబ్బాయి. వెనక మోకుల వాళ్లు రెండడుగులు ముందుకు జారి, "హోయ్" అని నవ్వుకుని నిలదొక్కుకున్నారు. మూడో సందు దగ్గర బాబాయి నన్ను చూసి, "ఏం షావుకారూ, మొకం అట్టా పెట్టావేంది? దిష్టి తగిలిందా?" అన్నాడు. నవ్వబోయాను, రాలేదు. వీధికి అటువైపు పంతులమ్మ నడుస్తోంది, కొత్త చేదతాడు చుట్ట భుజాన వేసుకుని. నన్ను పిలవలేదు, సైగ చెయ్యలేదు. ఊరికే చూస్తోంది. ఆమె తిట్టినా బాగుండేది.

నాలుగో సందు, ఐదో సందు. బొంగులు కిర్రుమంటున్నాయి. పీచు మోకు మీద ఎక్కువ లాగుడు పడితే ఒక వాసన వస్తుంది, ఎండిన కొబ్బరి మాడినట్టు. తాళ్ల కొట్టు పిల్లకు ఆ వాసన తెలియకుండా ఉండదు. ఆరో సందు దగ్గర అది నా ముక్కుకు తగిలింది. ముందు వరుసలో రెండో మోకు మా నాన్న చేతిలో ఉంది. ఆ మోకు ఒక పురి విప్పుకుని చిన్న చిన్న పోగులు లేవడం నాకు కనపడింది. ఏడో సందు దాటారు. మిల్లు గోడ కొస కనపడుతోంది. దాని అవతల ఎండలో పొలాలు మెరుస్తున్నాయి. గోడ కొస దగ్గర దుమ్ము నేలబారున పరిగెడుతోంది. గాలి ఉంది. నా కోసం కాచుకున్నట్టే ఉంది.

నేను పరిగెత్తి మొదటి జత ఎడ్ల ముందు బాటకు అడ్డంగా కూలబడ్డాను.

ఎడ్లు బెదిరి ఆగాయి. డప్పులు ఆగాయి. మోకు వదల్లేక మా నాన్న అక్కడి నుంచే, "ఏందే ఇది! లెగు! పదిమందిలో పరువు తీస్తావా?" అని అరిచాడు.

"లెక్క తప్పింది నాన్నా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "నా లెక్క తప్పింది. ఎనిమిది కాదు, పదహారు మోకులు కావాలి."

నవ్వారు. పెద్దయ్య గబగబా ముందుకొచ్చి, "ఇప్పుడా చెప్పేది? రెండింతల ఎత్తుకి రెండింతల మోకులని నువ్వే గదే అన్నావు" అన్నాడు. అగ్గిపెట్టెల సంగతి చెప్పబోయి ఆగిపోయాను. అక్కడున్నదంతా కొట్లవాళ్లు. వాళ్లకు మొహం, వైశాల్యం అంటే ఎక్కదు. వాళ్ల భాష నాకు తెలుసు.

"పెద్దయ్యా, నిరుడు చీరలెన్ని?" అన్నాను.

"నాలుగు."

"ఈ ఏడు?"

"పదహారు. ఐతే ఏంది?"

"గాలి ఎత్తుని తోయదు పెద్దయ్యా, చీరల్ని తోసిద్ది. నాలుగు చీరలకి నాలుగు మోకులైతే పదహారు చీరలకి ఎన్ని?"

ఎవరూ నవ్వలేదు. నలభై ఏళ్లుగా త్రైరాశికంతో బతికిన పెద్దమనుషులు ఒక్కొక్కరే తలెత్తి చీరల వైపు చూశారు. గుడ్డల కొట్టాయన పెదాలు కదిలాయి, లెక్కపెడుతున్నాడు. మా నాన్న తన చేతిలోని మోకు వైపు చూసుకున్నాడు. విప్పుకున్న పురి అప్పుడే ఆయన కంటపడింది. మోకు పక్కవాడికిచ్చి కొట్టు వైపు పరుగుతీశాడు.

మోకులు వచ్చాయి. వాటిని పట్టుకునే మనుషులే లేరు. మోకుకు నలుగురు చొప్పున ఇంకో ముప్పై రెండు మంది కావాలి. మిల్లు కూలీలనూ, దారినపోయే వాళ్లనూ బతిమాలితే పదహారు మంది తేలారు. అంటే నాలుగు మోకులకు. బొంగులెక్కగలవాడు పైకెక్కి ఆ నాలుగూ ముడేశాడు. పెద్దయ్య ఎండ వైపు చూసి, "పన్నెండు చాల్లే. పొద్దు పోతాంది, వెనకాల ప్రభలు ఆగిపోయినై. నీ పదహారూ వద్దు, నా ఎనిమిదీ వద్దు, నడిమికి తెగ్గొడదాం" అన్నాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు ప్రాణం లేచొచ్చింది. నేను సగం దిగాను, ఆయన సగం ఎక్కాడు. పుట్టినప్పటి నుంచి చూసిన ధర్మమైన బేరం అదే కదా. లేచి పరికిణీ దులుపుకుని దారి ఇచ్చేశాను. అప్పుడు పంతులమ్మ నా పక్కకు వచ్చి మెల్లిగా అడిగింది. "పెద్దయ్యగారు ఒప్పుకున్నారు, నువ్వు ఒప్పుకున్నావు. గాలి ఒప్పుకుందా?"

ఆ ముక్క పూర్తయ్యేలోపే ఎడ్లు మలుపు తిరిగాయి.

ముందువైపు చీరలన్నీ ఒక్కసారి ఫటీమని మోగాయి. ఉబ్బిన చీరలతో ప్రభ తెరచాపలా నిండి, నిదానంగా, చాలా నిదానంగా వెనక్కి ఒరిగింది. ఆ నిదానమే భయం. ముందు మోకుల వాళ్లు మడమలు నేలలో దిగేసి వెనక్కి వాలారు. మడమలతో పాటు నేల కూడా జారుతోంది. బండి ముందు భాగం బెత్తెడు పైకి లేచింది. ఎడ్లు అరుస్తున్నాయి. ఆడవాళ్లు కోటయ్యా, కోటయ్యా అంటున్నారు. నాన్న మోకును నడుముకు చుట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు, అయినా మోకు ఆయన్ని ఈడుస్తోంది. మా నాయనమ్మ "దిగరా అయ్యా, మొక్కూ వద్దు గిక్కూ వద్దు" అని అరుస్తోంది. బాబాయి దిగితే ఎటు దిగాలి? వెనక ప్రభ, ముందు బెదిరిన ఎడ్లు.

అప్పుడు నా బుర్రలో త్రైరాశికం తిరగబడింది. ఇంకా మోకులు లేవు, మనుషులు లేరు. కానీ మోకులు చీరలకు సరిపోకపోతే, చీరలే మోకులకు సరిపోవాలి. పన్నెండు మోకులు ఎన్ని చీరలు ఆపగలవు? పన్నెండు.

"బాబాయ్! నాలుగు చీరలు కొయ్యి!" అని అరిచాను.

బండి మీద దోటి ఉంది. దారిలో చెట్టుకొమ్మలు అడ్డొస్తే నరకడానికని కొడవలి కట్టి పెట్టుకున్న పొడుగాటి గడ. బాబాయి జ్వరం చేతులతో దాన్ని ఎత్తాడు. పెద్దయ్య, "మొక్కు గుడ్డ కొయ్యమాకరా, పాపం!" అంటున్నాడు. కొడవలి తగిలి ముందువైపు చీర చర్రుమని పైనుంచి కింద దాకా చిరిగింది. ఇంకొకటి చిరిగింది. ప్రభ నిలబడలేదు. ఇంకా ఒరుగుతూనే ఉంది. నా లెక్క మళ్లీ తప్పిందనుకున్నాను.

"వెనక చీరలు కూడా బాబూ! గాలి వాటికి తగులుతోంది!" ఎప్పుడూ గొంతెత్తని పంతులమ్మ బాట మధ్యకు పరిగెత్తుకొచ్చి అరిచింది.

నిజమే. ముందు కంతలోంచి దూరిన గాలి వెనక చీరలో నిండుతోంది. బాబాయి దోటిని కంతల్లోంచి అవతలికి దూర్చి లాగాడు. మూడో చీర. ఊపిరి అందక ఒక క్షణం ఆగి, పళ్లు బిగించి నాలుగోది. అది చిరిగిన మరుక్షణం రెండు కంతల్లోంచి గాలి ఉస్సున దూసుకుపోయింది. ప్రభ ఒక మనిషి నిట్టూర్చినట్టు ఊగి, మెల్లిగా నిటారుగా లేచింది. బండి ముందు భాగం దబ్బుమని నేలకు దిగింది. బాబాయి దోటి పట్టుకుని అలాగే కూర్చున్నాడు, పీట మీద, దిగకుండా.

ఆ రెండు కంతల్లోంచి అవతల కోటప్పకొండ కనపడుతోంది, శిఖరంతో సహా, చట్రంలో బిగించిన పటంలాగా. పెద్దయ్య చాలాసేపు దానివైపే చూసి, తలపాగా తీసి కొండకు దండం పెట్టాడు. తర్వాత పంతులమ్మ ఎటు ఉందో చూసి అటు కూడా పెట్టాడు. దారిలో పొలాల ఊళ్ల వాళ్లు ఊరుకుంటారా? "ఒరేయ్, కొట్లోళ్లు ప్రభకి కిటికీలు పెట్టార్రోయ్!" అన్నారు. ఆ పేరు మా బజారు ప్రభకు అలాగే ఉండిపోయింది. మా బాబాయి ఆ కిటికీల కిందే కూర్చుని కొండ దాకా వెళ్లి మొక్కు తీర్చుకున్నాడు. చిరిగినవాటిలో మా అమ్మ పసుపు చీర ఒకటి. దాంతో నాకు పరికిణీ కుట్టింది, నేను బడికి అదే కట్టుకుని వెళ్లాను.

పంతులమ్మ నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. బారెడు కొసరు మాత్రం మర్చిపోకుండా వచ్చి పట్టుకెళ్లింది. బడిలో నల్లబల్ల మీద ఒక గీత, ఒక చదరం, ఒక పెట్టె గీసి, లోకంలో కొలతలు మూడు రకాలని చెప్పింది. నేను వాటికి నా పేర్లు పెట్టుకున్నాను: మూర, చీర, పెట్టె. మూర రెండింతలైతే చీర నాలుగింతలు, పెట్టె ఎనిమిదింతలు. ఏ వస్తువు ఏ కొలతకు లొంగుతుందో తెలుసుకోవడమే అసలు పని. గాలి చీరను చూస్తుంది, బరువు పెట్టెను చూస్తుంది, వేడి పెట్టెలో నిండి చీర మీంచి పోతుంది. గ్లాసులో పాలు ఎందుకు త్వరగా చల్లారతాయి, కాగులో పాలు ఎందుకు చల్లారవు? చీమ చూరు మీంచి పడినా ఎందుకు లేచి పోతుంది, ఎద్దు గట్టు మీంచి పడితే ఎందుకు కాలు విరుగుతుంది? ఒకే లెక్క అన్నిచోట్లా దాక్కుని ఉందని తెలిసి నాకు ఒళ్లు జలదరించింది. మా బజారులో అందరి గుట్టూ తెలిసినవాడికి ఉండే గర్వం లాంటిది నాకు కలిగింది.

తర్వాత పెద్ద తరగతుల్లో బీజగణితం వచ్చింది. అక్షరం నెత్తిమీద చిన్న రెండు వేస్తే మిగతావాళ్లకు అది గుర్తులా కనపడేది, నాకు చీర కనపడేది. చిన్న మూడు వేస్తే అగ్గిపెట్టెలు. త్రికోణమితి వచ్చినప్పుడు ప్రభా, నేలా, మోకూ కలిసి చేసిన త్రిభుజం కనపడింది. మోకు పట్టినవాళ్లు ఇంకాస్త దూరం జరిగి నిలబడి ఉంటే మా నాన్న నడుముకు అంత పుండు పడేది కాదని అప్పుడు తెలిసింది. కొత్త గణితం వచ్చినప్పుడల్లా ఆ ఒక్క మధ్యాహ్నమే నాకు ఇంకొంచెం అర్థమవుతూ పోయింది. చదువు అంతకుమించి సాగలేదు. పెళ్లయి మాచర్లలో ఇంకో కొట్టు గల్లా దగ్గర కూర్చున్నాను. అయితేనేం, "రెండింతలు" అని ఎవరైనా అంటే, "మూరలోనా, చీరలోనా, పెట్టెలోనా?" అని ఈ వయసులో కూడా అడుగుతాను. మా ఇంట్లోవాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు.

కానీ నాతో మిగిలింది లెక్క ఒక్కటే కాదు. ఆ ఏడు సందులు కూడా. తప్పని తెలిసి, బాబాయి ఆ పీట మీద కూర్చుని ఉన్నాడని తెలిసి, నోరు మూసుకుని నడిచిన దూరం అది. ఇప్పటికీ నేనన్న మాట తప్పని తెలిసినప్పుడు నా పాదాల కింద ఆ వీధి పరుచుకుంటుంది. మొదటి సందు దగ్గరే చెప్పేస్తానని గొప్పలు పోను. బేరాల మనిషిని, రెండో సందు దాకా, ఒక్కోసారి మూడో సందు దాకా నాతో నేనే బేరమాడతాను. మిల్లు గోడ దాకా మాత్రం మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు.